పడిన మోటారుసైకిలు: వంగిన గార్డును సరిచేయు విధము

మన గ్రామములలో మోటారుసైకిలు నేడు విలాసవస్తువు కాదు. తెల్లవాఱగనే పాలకేంద్రమునకు పోవునదియు, ఎరువుబస్తాను ఇల్లు చేర్చునదియు, కాలువగట్టు మీదుగా మనలను చేనికి తీసికొనిపోవునదియు అదియే. తొలకరి పడిన పిదప గట్టుమీది జిగటమన్నున బండి జాఱి పడుట వింత కాదు. మనిషి లేచి బట్టలు దులుపుకొనును. బండిని లేపి చూచినచో ముందరి గార్డు వంగియుండును. ఈ నెల ఆ వంపును గుఱించియే వ్రాయుచున్నాము. ఏలయన, బండి పడినందువలన మాకు కలిగిన నష్టముకంటె దానిని సరిచేయబోయి తెచ్చుకొన్న నష్టమే యెక్కువ.

మా బండి కుడిప్రక్కకు పడినది. గార్డు వెనుకకు వంగి బ్రేకు పెడలును తాకుచుండెను. పెడలు పూర్తిగా క్రిందికి పోవుట లేదు. దుకాణమునకు పోవుటకు బద్ధకించి, గార్డు బండికి బిగించియుండగనే గునపము దూర్చి, ఇద్దరము కలిసి బలముకొలది ముందుకు లాగితిమి. వంపు తీఱెను; చూపునకు బాగుగనే యుండెను. కొన్ని దినములకు గతుకులలో కటకటమను చప్పుడు మొదలయ్యెను. మడ్డి తుడిచి చూడగా, గార్డు బోల్టు దూరు ఇనుపచెవి ఫ్రేమునకు అతికిన చోట వెండ్రుకవంటి చీలిక కనబడెను.

కారణము తెలియనిది కాదు. గార్డు పొడవైన గొట్టము. దాని కొనను పట్టి గునపముతో త్రిప్పిన బలమంతయు మొదటనున్న రెండు మూడు బోల్టులమీదను, వానిని మోయుచున్న ఫ్రేముమీదను పడును. బండలు పెకలించువారికి ఈ సంగతి వేఱుగ చెప్పనక్కరలేదు. గార్డు పోయిన మఱియొకటి కొనవచ్చును. ఫ్రేమో, దానిమీద చెక్కిన నంబరే రిజిస్ట్రేషను పత్రమున నుండును. దానిని మార్చుట డబ్బుతోపాటు కచేరీల చుట్టు తిరుగుట గూడ.

కావున బండి పడినపుడు మొదట చూడవలసినది గార్డును గాదు, దాని పట్టులను. మధ్య స్టాండు వేసి, సమమైన నేలమీద బండిని నిలిపి, ఎదుట కూర్చుండి రెండుప్రక్కలను పోల్చి చూడవలెను. నేలనుండి గార్డు కొనవఱకు ఒక పుల్లతో కొలిచినను తేడా తెలియును. హ్యాండిలును రెండువైపుల పూర్తిగ త్రిప్పి, ముందు చక్రముగాని మడ్‌గార్డుగాని గార్డును తాకుచున్నదేమో చూడవలెను. బ్రేకు పెడలును, గేరు మీటను చివరవఱకు నొక్కి చూడవలెను. అతుకుల దగ్గర రంగు పగిలి తుప్పుగీత కనబడినచో లోపల ఇనుము చీలినదని అనుమానింపవలెను.

పిదప గార్డును విప్పివేయవలెను. బోల్టు రాకున్న మరలమీద సుత్తితో కొట్టరాదు. నూనె పోసి కొంతసేపు ఉంచి, నట్టును కొన వఱకు తిరిగి ఎక్కించి దానిమీద కొయ్యముక్క పెట్టి తట్టవలెను. వచ్చిన బోల్టును గాజుపలకమీద దొర్లించినచో వంపు తెలియును. వంగినదానిని చక్కచేసి వాడరాదు, తలమీద 8.8 అను అంకెయున్న గట్టి బోల్టునకు బదులు అదే గుర్తుగల క్రొత్తది వేయవలెను. అంగళ్లలో దొరకు మెత్తనిది చాలునని కొందఱందురు. చాలదు.

విప్పిన గార్డు కొంచెమే వంగినచో, కమ్మరి దానిని పట్టుడులో బిగించి చల్లగనే సరిచేయగలడు. గొట్టము వంగుట వేఱు, మడతపడుట వేఱు. మడతపడి నలిగిన చోట సరిచేసినను బలము తిరిగి రాదు. దానిని పాత ఇనుమునకు వేయుటయే మేలు. ఒకసారి చక్కచేసిన చోటనే మరల వంగినదియు అంతే. కొలిమిలో కాల్చవలసివచ్చిన యెడల తళతళలాడు పైపూత ముందుగా తీసివేయవలెను. ఆ పొగ పీల్చుట హాని. గొట్టమున ఇసుక నింపి వంచు పద్ధతి మంచిదే కాని, ఆ ఇసుక బాగుగ ఎండినదై యుండవలెను. తడి ఇసుకతో రెండుకొనలు మూసి కాల్చిన ఆవిరి పుట్టి గొట్టము ప్రేలును.

ఫ్రేము చెవి చీలినచో అది పనితనముగల వెల్డరు చేయదగిన పని. పెట్రోలు ట్యాంకు దింపి, బ్యాటరీ తీగలు విప్పి, భూమితీగను అతుకుదగ్గరనే తగిలించి చేయుమని మనమే అడుగవలెను.

తిరిగి బిగించునపుడు బోల్టులన్నియు చేతితోనే దూరవలెను. ఒకదానికి రంధ్రము కలియలేదని గునపము వేసినచో కథ మొదటికి వచ్చును. అన్నింటిని వదులుగ ఎక్కించి, పిదప ఒక్కొక్కటిగ బిగింపవలెను. వారము తిరిగిన తరువాత మరల ఒకసారి చూడవలెను.

మఱియొక మాట. గార్డు ఉన్నదిగదా యను ధైర్యమున వేగము పెంచువారు కలరు. అమెరికాలో దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమువారు సుమారు 900 మోటారుసైకిలు ప్రమాదములను పరిశీలించి 1981లో ప్రకటించిన నివేదికలో, ఇట్టి గార్డులవలన పాదమునకు, చీలమండకు తగ్గిన దెబ్బలు మోకాలికిని తొడకును పెరిగిన దెబ్బలతో సరిపోయినవని తేల్చిరి. నిలిచిన బండి ఒరిగినపుడు ఇంజనును, మీటలను కాపాడుట గార్డు పని. దానికి సంచులు, గడ్డిమోపులు వ్రేలాడదీయుట దాని పని కాదు. నిత్యము ఊగు ఆ బరువే పట్టులను వదులుచేయును.

మా బండి చెవిని పట్టణమున ఒక వెల్డరు అతికెను. పాత గార్డును తిరిగి ఎక్కించుటకు ఆయన ఒప్పుకొనలేదు. అది యిపుడు మా పశువులకొట్టమున పలుపుత్రాళ్లు తగిలించుటకు ఉపయోగపడుచున్నది.