మత్తు కల్లు మానడం ఒక్కరి పనేనా?

"ఎంత చెప్పినా మానడు, వానికి బుద్ధి లేదు." కల్లుకు అలవాటు పడిన మనిషి ఉన్న ఇంటివారు మాతో తరచుగా అనే మాట ఇది. అందులో ఎంతో బాధ ఉంది. కాని నిజం సగమే ఉంది. మనిషి మారాలి, సందేహం లేదు. అయితే అతని శరీరంలో ఏం జరుగుతోందో, చుట్టూ ఏం జరుగుతోందో తెలుసుకోకుండా మారమంటే అతడు ఒంటరివాడైపోతాడు.

కల్లులో ఏముంది?

చెట్టు నుంచి దించిన కల్లు వేరు, పొడి కలిపిన కల్లు వేరు. కల్తీ కల్లులో క్లోరల్ హైడ్రేట్, డైజిపామ్, ఆల్ప్రాజోలామ్ వంటి మత్తు మందులు కలుపుతారు. డైజిపామ్, ఆల్ప్రాజోలామ్ అనేవి ఆందోళనకు, నిద్రలేమికి వైద్యులు కొలిచి ఇచ్చే మందులు. సీసాలో అవి ఎంత ఉన్నాయో తాగేవారికి తెలియదు. రోజూ తాగితే మెదడు వాటికి అలవాటుపడుతుంది. హఠాత్తుగా ఆపితే నిద్ర పట్టదు, చేతులు వణుకుతాయి, చెమటలు పోస్తాయి. కొందరు లేనివి చూస్తారు, పిచ్చిగా మాట్లాడతారు. ఫిట్స్ వచ్చి ప్రాణం మీదికి రావచ్చు.

2015 సెప్టెంబరులో కల్తీపై ప్రభుత్వం దాడులు జరిపినప్పుడు నిజామాబాద్, మెదక్, మహబూబ్‌నగర్ జిల్లాలలో ఇదే జరిగింది. మత్తు దొరకక వందలాది మంది ఆసుపత్రుల పాలయ్యారు. వారికి లేనిది బుద్ధి కాదు, వైద్యం.

ఎందుకు తాగుతున్నారు?

చెరకు నరికిన చేతులకు, పొద్దంతా బీడీలు చుట్టిన మెడకు, నడుముకు రాత్రయితే నొప్పులు. అప్పుల దిగులు వేరే. 2015 డిసెంబరులో బోధన్ చక్కెర ఫ్యాక్టరీ మూతపడ్డాక ఎన్నో కుటుంబాలు పని కోల్పోయాయి. నొప్పికీ దిగులుకూ అందుబాటులో ఉన్న చౌక మందు కల్లు సీసా అయింది. ఆ నొప్పికి, ఆ దిగులుకు వేరే దారి చూపకపోతే మానినవాడు మళ్లీ అక్కడికే వెళ్తాడు.

దూబగుంట తల్లులు

నెల్లూరు జిల్లా దూబగుంటలో స్త్రీలు రాత్రి బడిలో అక్షరాలు దిద్దారు. సారా వల్ల ఇల్లు ఎలా పాడవుతుందో పాఠంలో చదివి, తమ కథే అనుకున్నారు. 1992లో రోసమ్మ మొదలైన ఆ తల్లులు తమ ఊరిలో సారా అమ్మకాన్ని ఆపించారు. ఉద్యమం రాష్ట్రమంతా పాకి, 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధం వచ్చింది. చదువు వారిలో ధైర్యం పెంచింది, ఆ ధైర్యం ఊరిని మార్చింది. ఒక్కొక్కరి ఎదుగుదల, అందరి మేలు ఇలా ఒకదానినొకటి పట్టుకొని నడుస్తాయి.

మనం చేయగలిగినవి

1. రోజూ తాగేవారిని ఒక్కసారిగా ఆపించవద్దు. ముందు ఆసుపత్రికి తీసుకురండి. వైద్యులు మందులతో క్రమంగా మాన్పిస్తారు.

2. ఫిట్స్ వస్తే పక్కకు తిప్పి పడుకోబెట్టండి. నోట్లో ఏమీ పెట్టకండి. 108కు ఫోన్ చేయండి.

3. కల్లుతో పాటు నిద్రమాత్రలు వేసుకోనివ్వకండి. ఊపిరి మందగిస్తుంది.

4. నొప్పి, నిద్రలేమి, దిగులు ఏది ఉన్నా దాచకుండా చెప్పండి. వాటికి చికిత్స ఉంది. మనసు విప్పడానికి 14416, మత్తు మాన్పించే సలహాకు 14446 నంబర్లు ఉన్నాయి.

5. మానిన మనిషిని పాత పేరుతో పిలవకండి. పనికి పిలవండి, పండుగకు పిలవండి. మొదటి నెలల్లో సాయంత్రాలు కష్టమైనవి. ఆ వేళ పక్కన ఒకరుండాలి.

6. మహిళా సంఘంలో, గ్రామసభలో కల్తీ గురించి కలిసి అడగండి. చెట్టెక్కి బతికే గౌడన్నలకు కల్తీ వల్ల నష్టమే. వారినీ కలుపుకోండి.

ఒకసారి మానలేకపోయినవారు రెండోసారి వచ్చినా, మూడోసారి వచ్చినా మా తలుపు తెరిచే ఉంటుంది. మీ ఇంటి తలుపు కూడా తెరిచి ఉంచమని కోరుతున్నాము.