కయాక్ విహారానికి రేవు ఎంపికయే ప్రధానం
చోడవరం పరిసర జలాశయాలపై ప్రత్యేక వ్యాసం

చోడవరం: తూర్పు కనుమల నుండి దిగివచ్చే శారద, బొడ్డేరు, పెద్దేరు నదుల నీటితో చోడవరం, మాడుగుల ప్రాంతాలు సస్యశ్యామలంగా విలసిల్లుతున్నవి. దేవరాపల్లి మండలంలో శారదా నదిపై రైవాడ, చీడికాడ మండలంలో బొడ్డేరుపై కోనాం, మాడుగుల మండలంలో పెద్దేరు, రావికమతం మండలంలో కల్యాణపులోవ జలాశయాలు ఉన్నవి. పూర్వపు విశాఖపట్నం జిల్లాకు చెందిన ఈ ప్రాంతమంతయు 2022 ఏప్రిల్ 4 నుండి అనకాపల్లి జిల్లాలో భాగమైనది. కొండల నడుమ నిశ్చలంగా కనిపించే ఈ నీటిపై తెడ్డుపడవ విహారం చేయాలన్న ఆసక్తి యువతలో కలగడం సహజం. అయితే పడవను ఎక్కడ నీటిలో దించవలెను అన్న ప్రశ్నకు సరియైన సమాధానం తెలియకుండా ఈ విహారానికి పూనుకొనడం ప్రమాదకరం.

కయాక్ అనునది ఒకరు లేదా ఇద్దరు కూర్చుని, రెండు కొసలయందు రెక్కలున్న ఒకే తెడ్డుతో నడిపే సన్నని పడవ. ఆర్కిటిక్ ప్రాంతపు ఇన్యూట్ ప్రజలు వేట కొరకు చర్మంతో రూపొందించుకొన్న ఈ పడవ 1936 బెర్లిన్ ఒలింపిక్స్ నాటికి పతకాల క్రీడగా ఎదిగినది. దీనికి జానెడు లోతు నీరున్నను చాలును. కాని మనిషి ఎక్కునపుడు, దిగునపుడు మాత్రమే ఇది ఎక్కువగా ఒరుగుతుంది. కావున మంచి రేవు అనగా తేలికగా బయలుదేరే చోటు మాత్రమే కాదు. అలసిపోయిన మనిషి క్షేమంగా తిరిగివచ్చి దిగగలిగే చోటు.

రేవుకు ఉండవలసిన లక్షణాలు

ఒడ్డు ఏటవాలుగా, నేల గట్టిగా ఉండవలెను. పడవ దించుటకు ముందు పొడవైన కర్రతో నేలను పరీక్షించి, మోకాలి లోతు వరకు నడిచి చూడవలెను. పాదం చీలమండ దాటి బురదలో దిగబడినచో ఆ చోటు పనికిరాదు. పశువులు నిత్యం నీటికి దిగే రేవులు సాధారణంగా చదునుగా, గట్టిగా ఉంటవి. అయితే పశువులను తోలుకొనివచ్చే వేళలలో వాటికి అడ్డు రాకూడదు. గట్టుపై పేర్చిన రాతికట్టు నుండి పడవను దించరాదు. అక్కడ రాళ్లు జారుడుగా ఉండుటే గాక, అడుగు తీసి అడుగు వేయగానే లోతు పెరుగుతుంది.

గాలి దిశను కూడా గమనించవలెను. గాలికి ఎదురుగా బయలుదేరి, గాలి వాలున తిరిగివచ్చే విధంగా రేవును ఎంచుకొన్నచో, శక్తి తగ్గిన వేళ గాలియే తోడ్పడుతుంది. ఇందుకు విరుద్ధంగా జరిగినచో తిరుగు ప్రయాణమే కష్టమవుతుంది. ఉదయపు వేళ గాలి సాధారణంగా తక్కువగా ఉంటుంది.

నీటిమట్టంతో మారే రేవు

సహజమైన చెరువుకు, జలాశయానికి గల భేదాన్ని ఔత్సాహికులు గుర్తించవలెను. రైవాడ పూర్తిస్థాయి నీటిమట్టం 114 మీటర్లు, కోనాం 101.25 మీటర్లు, పెద్దేరు 137 మీటర్లు, కల్యాణపులోవ 460 అడుగులు. వర్షాకాలంలో ఈ మట్టాలకు చేరువయ్యే నీరు సాగు అవసరాలకు విడుదలైన కొలదీ తగ్గిపోతుంది. జలాశయం నిండుగా ఉన్నపుడు గడ్డిపై నుండి దిగిన చోటు, వేసవి నాటికి ఒండ్రుమట్టి మైదానంగా మారవచ్చును. నీరు తగ్గినపుడు మునిగిన చెట్ల మోళ్లు, రాళ్లు పడవ అడుగునకు తగులుతవి. కావున నిరుడు చూసిన రేవును ఈ ఏడు మరల పరీక్షింపక వాడరాదు.

ఎగువన భారీ వర్షాలు కురిసినపుడు అధికారులు గేట్లు ఎత్తి నీటిని దిగువకు వదలుట పరిపాటి. ఆ సమయంలో గేట్ల వైపు ఏర్పడే లాగుడును తెడ్డుతో ఎదిరించుట సాధ్యం కాదు. అందువలన గేట్లకు, కాలువ తూములకు సమీపంలో ఏ కాలమందును పడవ దించరాదు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను చాటిన విధంగా ఈ ప్రాంతానికి అక్టోబర్ మాసం కూడా ముప్పు కాలమే. పైగా రైవాడ నీరు కాలువ ద్వారా విశాఖపట్నం నగరానికి తాగునీరుగా చేరుతున్నది. ఆ నీటిలో ప్లాస్టిక్, సబ్బు, ఆహార పదార్థాలు కలియకుండా చూడవలసిన బాధ్యత ప్రతి సందర్శకునిపై ఉన్నది.

కొండకర్ల ఆవ చెప్పే పాఠం

ఇదే జిల్లాలోని కొండకర్ల ఆవ మరొక స్వభావం గల మంచినీటి సరస్సు. ఇక్కడి మత్స్యకారులు తాటి మానులను తొలిచి, రెండింటిని జతకట్టిన దోనెలను గెడలతో నడుపుతారు. తామర తూళ్లు, నాచు దట్టంగా ఉన్న నీటిలో తెడ్డు చిక్కుకొనునే గాని గెడకు అట్టి ఇబ్బంది తక్కువ. దోనెలు నిత్యం తిరిగే దారులే కయాక్‌కు కూడా అనువైన దారులు. శీతాకాలంలో వలస పక్షులు ఇక్కడకు చేరుతవి గనుక అవి గుంపుగా మేసే వైపు నుండి పడవ దించకుండుట మేలు. మత్స్యకారుల వలల గుర్తులను తప్పించి నడపడం కనీస మర్యాద.

ఒడ్డున మనుషులున్న చోటే రేవు

2019 సెప్టెంబర్ 15న గోదావరి నదిలో కచ్చులూరు వద్ద పర్యాటకుల పడవ మునిగినపుడు, ముందుగా చేరుకొని పలువురిని కాపాడినవారు సమీప గిరిజన గ్రామస్థులే. తమ చిన్న పడవలలోనే వారు ఆ పని చేసినారు. సహాయక బృందాలు ఎంత వేగంగా కదిలినను, నీటిలో పడిన మనిషికి మొదటి నిమిషాలలో ఒడ్డున ఉన్నవారే దిక్కు. కావున అందమైన నిర్జన తీరం కంటె, జాలరులకు కనుచూపు మేరలో ఉండి, అంబులెన్సు వచ్చుటకు దారి గల సాధారణ రేవే ఉత్తమం. ఆ ఊరి జాలరిని అడిగి తెలుసుకొన్న మాట ఏ పటమూ చెప్పలేదు.

జలాశయాలలో విహారానికి ముందుగా జల వనరుల శాఖ స్థానిక ఇంజనీర్ల అనుమతి పొందవలెను. ఈత వచ్చినను రక్షణ జాకెట్ ధరించవలెను. ఒంటరిగా వెళ్లరాదు. బయలుదేరిన రేవు, తిరిగివచ్చే సమయం ఒడ్డున ఒకరికి తెలిపి వెళ్లవలెను. ఉరుము వినిపించిన వెంటనే నీటిని విడువవలెను. ఆపదలో 112కు, వైద్య సహాయానికి 108కు ఫోన్ చేయవలెను.

నీటిమట్టాలు, గేట్ల ఎత్తివేత వార్తలను పత్రికలు సాధారణంగా రైతుల కొరకు ప్రచురిస్తుంటవి. అవే వార్తలు విహారానికి వెళ్లే యువకుని ప్రాణాన్ని కూడా కాపాడగలవు. ఆ వార్తలకు ‘పడవలు దించరాదు’ అన్న ఒక్క వాక్యాన్ని జోడించవలసినదిగా పాత్రికేయులకు, ప్రమాదకరమైన ఒడ్డుల వద్ద హెచ్చరిక బోర్డులు కనిపించే విధంగా చూడవలసినదిగా స్థానిక అధికారులకు విజ్ఞప్తి.