ఫిజిక్స్‌లో 33 వస్తే పశువైద్యం సీటు పోతుందా?

కంప్యూటర్ సైన్స్ వాడికి పశువైద్యం సంగతి ఎందుకని మీరు అడగొచ్చు. మా పిన్ని కూతురు వల్ల. రాజోలు దగ్గర ఊరు. 2025 ఏప్రిల్‌లో ఇంటర్ ఫస్టియర్ రిజల్ట్స్ వచ్చాయి. బోటనీ, జువాలజీ, కెమిస్ట్రీ అన్నీ యాభై దాటాయి, ఫిజిక్స్‌లో మాత్రం 60కి 33. దానికి చిన్నప్పట్నుంచి పశువుల డాక్టర్ అవ్వాలని. 2022 జూలైలో గోదావరి వరదకి లంకల్లో జనం గేదెల్ని ఏటిగట్టు మీద కట్టుకున్నారు కదా, అప్పట్నుంచి ఆ కోరిక ఇంకా గట్టిపడింది. మెమో చూసుకుని రెండ్రోజులు అన్నం సరిగా తినలేదు. పిన్ని ఫోన్ చేసి, "ఒరేయ్, నువ్వు కంప్యూటర్ చదువుతున్నావు కదా, సీటొస్తదో రాదో లెక్కేసి చెప్పరా" అంది. కంప్యూటర్ చదివితే అన్నీ తెలుస్తాయని మా ఇంట్లో గట్టి నమ్మకం.

సరే, లెక్కేశాను. ఇంట్లో బైపీసీ వాళ్ళున్న ఎవరికైనా పనికొస్తుందని రాస్తున్నా.

ముందు దాని భయం ఎక్కడ్నుంచి వచ్చిందో చెప్పాలి. గూగుల్‌లో ఇంగ్లీషులో వెతికితే వచ్చేవన్నీ అమెరికా సంగతులే. అక్కడ ముందు డిగ్రీ స్థాయి కోర్సులు చదివి, ఆ తర్వాత నాలుగేళ్ళ డీవీఎం కోర్సుకి అప్లై చేస్తారు. వాళ్ళు జీపీఏ చూస్తారు, ఒక్కో సబ్జెక్టు గ్రేడూ చూస్తారు, జంతువులతో ఎన్ని గంటలు పని చేశావని కూడా అడుగుతారు. అక్కడ కెమిస్ట్రీలో ఒక 'సి' వస్తే కంగారు పడటంలో అర్థం ఉంది. మన దగ్గర పద్ధతే వేరు. ఇంటర్ అవగానే అయిదున్నరేళ్ళ బీవీఎస్సీ అండ్ ఏహెచ్, అందులో చివరి ఏడాది ఇంటర్న్‌షిప్. సీటు తేల్చేది ఎంట్రన్స్ ర్యాంకు. (గట్టు మీద గేదెలకి గడ్డి మోసిన గంటలు ఇక్కడ లెక్కలోకి రావు. నాకైతే అది అన్యాయమే అనిపిస్తుంది.)

మరి ఇంటర్ మార్కులు ఎక్కడ పనికొస్తాయి? మొదటిది అర్హత. భారత పశువైద్య మండలి రూల్ ప్రకారం ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ, ఇంగ్లీష్ కలిపి 50 శాతం రావాలి, రిజర్వుడ్ వర్గాలకి కొంత సడలింపు ఉంది. వీళ్ళ బ్యాచ్ లెక్కలో రెండేళ్ళకీ ప్రాక్టికల్స్‌తో కలిపి నాలుగు సైన్సులు ఒక్కోటి 150, ఇంగ్లీష్ 200, మొత్తం 800. అందులో 400 ఉండాలి. తెలుగో సంస్కృతమో ఇందులో లేదు. మా చెల్లికి ఇది సమస్యే కాదు. కానీ ఇంటర్‌లో పాస్ మార్కు 35 శాతమే కాబట్టి అన్నింట్లో బొటాబొటీగా పాసైనవాడు ఇక్కడ ఆగిపోతాడు. పాస్ వేరు, అర్హత వేరు.

రెండోది వెయిటేజీ. మన ఈఏపీసెట్‌లో ఇంటర్ గ్రూప్ సబ్జెక్టులకి 25 శాతం ఉంటుంది. కరోనా వల్ల 2021, 2022ల్లో తీసేశారు, 2023లో మళ్ళీ పెట్టారు. ఇప్పుడు లెక్క చూడండి. చెల్లి 53 తెచ్చుకోవాల్సిన చోట 33 తెచ్చుకుందనుకుందాం. 600లో 20 మార్కులంటే 3.33 శాతం, అందులో పావు వంతు 0.83. ఎంట్రన్స్‌లో 160 బిట్లకి 75 శాతం కాబట్టి ఒక బిట్ విలువ సుమారు 0.47. అంటే పోయింది రెండు బిట్ల కన్నా తక్కువే! నార్మలైజేషన్ వల్ల అటూ ఇటూ అవుతుంది గానీ స్థూలంగా ఇంతే. ఇది చెప్పాక పిన్ని "అంతేనా?" అంది. ఆ రాత్రి చెల్లి అన్నం తింది.

నీట్‌లో అయితే ఈ వెయిటేజీ కూడా లేదు. దేశవ్యాప్తంగా 15 శాతం ఆలిండియా కోటా సీట్లు నీట్ ర్యాంకుతోనే భర్తీ చేస్తారు. మన రాష్ట్రంలో సీట్లిచ్చేది తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం. యూనివర్సిటీ పెట్టింది 2005లో, తిరుపతి కాలేజీ మాత్రం 1955 నాటిది. గన్నవరం, ప్రొద్దుటూరు, గరివిడిల్లో కూడా కాలేజీలున్నాయి, మన కోనసీమకి దగ్గరది గన్నవరమే. రాష్ట్ర సీట్లకి చాలా ఏళ్ళు ఎంసెట్ బైపీసీ ర్యాంకే చూశారు. ఏ ఏడాది ఏ ర్యాంకు అడుగుతున్నారన్నది ఆ ఏడాది ప్రాస్పెక్టస్‌లో చూసుకోవాలి, సీనియర్ చెప్పాడని వదిలేయకండి.

ఇక్కడిదాకా అంతా ధైర్యం చెప్పే లెక్కే. కానీ చెల్లికి ఇంకో లెక్క కూడా చెప్పాను, అది దానికి నచ్చలేదు. నీట్ 720 మార్కుల్లో బయాలజీ 360, ఫిజిక్స్ 180. మార్కులు సమానమైతే ముందు బయాలజీ చూస్తారు కాబట్టి దాని బలం అక్కడుంది. కానీ ఆ 180 ఎక్కడికీ పోవు, పైగా తప్పు రాస్తే ఒక మార్కు కోత. మెమోలో 33 దాని సీటు తీసెయ్యదు గానీ, ఆ 33 వెనకున్న ఫిజిక్స్ తీసెయ్యగలదు. ఫస్టియర్ సిలబస్ అంటే మెకానిక్స్, హీట్ అన్నీ నీట్‌లో మళ్ళీ ఎదురొస్తాయి.

"అయితే ఇంప్రూవ్‌మెంట్ రాయనా అన్నయ్యా?" అంది. రాయమన్నాను. రెండింట్లో ఎక్కువ వచ్చిన మార్కే ఉంచుతారు, తగ్గితే నష్టం లేదు. మార్కుల కోసమైతే రెండు బిట్ల పాటి లాభానికి అంత కష్టం దండగ. కానీ ఆ వంకన ఫస్టియర్ ఫిజిక్స్ ఇంకోసారి మొదట్నుంచీ చదువుతుంది. బాబాయ్ ఫీజు కట్టేశాడు. రొటేషనల్ మోషన్ నన్ను చెప్పమంటోంది, నేనే మళ్ళీ పుస్తకం తీయాలి.