వానను మింగే నేల మీద...

స్టీరింగ్ తిప్పే పనే లేని రోడ్డు అది. ఆస్ట్రేలియా దక్షిణాన బల్లడోనియా దాటాక మొదలయ్యే తిన్నని దారి, 146.6 కిలోమీటర్లు పోయాక కైగునా దగ్గరగానీ వంపు తిరగదు. ‘నైంటీ మైల్ స్ట్రెయిట్’ అని బోర్డు పెట్టి మరీ చెబుతారు.

నార్స్‌మన్ నుంచి పోర్ట్ అగస్టా దాకా సాగే ఐర్ హైవేలో ఇదో ముక్క. మొత్తం దారి దాదాపు 1,660 కిలోమీటర్లు, అంటే హైదరాబాద్ నుంచి ఢిల్లీ వెళ్లినంత. దారిలో కనిపించేవి చాలావరకు రోడ్‌హౌసులే: ఓ పెట్రోలు బంకు, తినడానికో చోటు, పడుకోవడానికి కొన్ని గదులు. తాగునీళ్లు మాత్రం ఎవరివి వాళ్లు నింపుకొని బయల్దేరాల్సిందే.

ఈ దారి సాగే నల్లర్‌బార్ మైదానం విస్తీర్ణం దాదాపు 2 లక్షల చదరపు కిలోమీటర్లు. ఆంధ్రప్రదేశ్ కన్నా పెద్దది. అంతా సున్నపురాయే. ఏడాదికి పడే వాన 200 మిల్లీమీటర్ల దరిదాపుల్లో ఉంటుంది; కరవుకు మారుపేరైన మన అనంతపురంలో కురిసేది అంతకు రెట్టింపు పైమాటే. ఆ కాస్త వానా నేల మీద నిలవదు. రాతి పగుళ్లలోంచి కిందికి జారిపోతుంది. అందుకే పైన ఒక్క నదీ లేదు, అడుగున మాత్రం గుహలున్నాయి. కాక్‌ల్‌బిడీ గుహలో నీటితో నిండిన సొరంగమే కిలోమీటర్ల పొడవుంటుంది. దాహం తీరుతుందా అంటే, ఆ నీళ్లు ఉప్పన!

హైవేకి పేరిచ్చిన ఎడ్వర్డ్ జాన్ ఐర్ 1841లో ఈ మైదానపు తీరం వెంట నడిచాడు. స్థానిక మూలవాసులు చూపిన ఇసుక దిబ్బల్లో తవ్వితే నీళ్లు పడ్డాయి. అవీ దొరకనిచోట తెల్లవారుజామున ఆకుల మీది మంచును స్పంజితో అద్ది పిండుకున్నాడు. దారిలో సహచరుడు బాక్స్‌టర్ హత్యకు గురయ్యాడు. చివరిదాకా తోడు నిలిచింది వైలీ అనే మూలవాసి యువకుడు. రోడ్డుకు ఐర్ పేరు ఒక్కటే పెట్టడం కాస్త అన్యాయమే.

ఈ మైదానం సముద్రాన్ని కలిసే తీరు మరీ విచిత్రం. వాలు లేదు, ముందస్తు సూచన లేదు. బండా క్లిఫ్స్ దగ్గర నేల కోసేసినట్టు ఆగిపోతుంది; కింద 60 నుంచి 120 మీటర్ల లోతున అలలు. చలికాలంలో హెడ్ ఆఫ్ బైట్ దగ్గర నిలబడితే పిల్లలతో ఈదే సదరన్ రైట్ తిమింగలాలు పైనుంచే కనిపిస్తాయి.

దారిలోని యూక్లా అనే ఊళ్లో 1877లో పెట్టిన తంతి కార్యాలయం ఇప్పుడు ఇసుకలో సగం కూరుకుపోయి ఉంది. కుందేళ్లు దిబ్బల మీది పచ్చదనాన్ని మేసేయడంతో ఇసుకకు పట్టు పోయింది. ఆ ఊరి గడియారమూ ప్రత్యేకమే: పెర్త్ కన్నా ముప్పావుగంట ముందుంటుంది.

ఇక బల్లడోనియా 1979లో ఆకాశం నుంచి వార్తల్లోకి ఊడిపడింది. అమెరికా అంతరిక్ష కేంద్రం స్కైలాబ్ కూలి, దాని శకలాలు ఆ చుట్టుపక్కలే రాలాయి. చెత్త వేశారంటూ ఎస్పరెన్స్ స్థానిక సంస్థ నాసాకు 400 డాలర్ల జరిమానా రాసింది.

ఇంత పొడవునా విసుగు పుట్టకుండా 2009లో ఓ గోల్ఫ్ కోర్సు తెరిచారు. సెడూనా నుంచి కాల్గూర్లీ దాకా 1,365 కిలోమీటర్లలో 18 హోల్స్. ఒకటి ఆడి, కారెక్కి, తర్వాతి ఊళ్లో ఇంకోటి ఆడాలి. పచ్చిక పెంచడానికి నీళ్లెక్కడివి? చాలా హోల్స్ దగ్గర బంతిని గుంతలోకి నెట్టే చోట పరిచింది కృత్రిమ గడ్డి.