నేరేడు పండు: రంగు, వగరు, గింజ

జ్యేష్ఠమాసం వచ్చేసరికి మన పొలం గట్ల మీద నేరేడు పండ్లు రాలుతుంటాయి. పిల్లల నాలుకకు అంటే ఊదారంగు ఆంథోసయనిన్లు అనే పదార్థాలది. అవి తొక్కలోనే ఎక్కువ, కనుక పండును తొక్కతోనే తినాలి. వగరు టానిన్లది. అవి ఉమ్మిలోని మాంసకృత్తులను పట్టివేయడం వల్లనే నోరు పిడచకట్టినట్లుంటుంది.

ఇక గింజ. దాని పొడి తింటే మధుమేహం పోతుందని పాలు పోయవచ్చిన సభ్యులు చెప్పుకోవడం మేము వింటున్నాము. ఎలుకలపై ప్రయోగాలలో రక్తంలో చక్కెర తగ్గిన మాట నిజమే. మనుషుల విషయంలో అంత గట్టి ఆధారం లేదు. పొడిని నమ్మి డాక్టరిచ్చిన మాత్రలు మానితే ప్రాణానికే ముప్పు. మాత్రలతోపాటు పొడి వాడదలచినవారు ముందుగా డాక్టరుకు చెప్పవలెను. చక్కెర మరీ పడిపోవచ్చు. పండులోనూ చక్కెర ఉన్నది, బాగా మాగినవాటిలో మరీను.