పిక్క వాచిందా? మర్దన చేయకండి!

బిజినేపల్లి నుంచి జడ్చర్ల మీదుగా హైదరాబాద్‌ అంటే వంద కిలోమీటర్లకు పైనే. నిమ్స్‌ రుమటాలజీ విభాగంలో చూపించుకుని, బస్సులో కూర్చుని కూర్చుని ఇల్లు చేరేసరికి రెండు కాళ్లూ బరువెక్కడం మామూలే. మర్నాడు ఒక పిక్క మాత్రమే వాచి, నొప్పి పెడితే? నరం పట్టేసిందని నూనె రాసి మర్దన చేస్తాం. ఇంట్లో ఎవరికైనా రక్తనాళాల వాపు జబ్బు, అంటే వాస్క్యులైటిస్‌ ఉంటే ఆ పని అస్సలు చేయకండి. లోపలి సిరలో రక్తం గడ్డకట్టి ఉండొచ్చు. ఆ గడ్డ కదిలి ఊపిరితిత్తుల్లోకి చేరితే ప్రాణానికే ముప్పు.

గడ్డ ఎందుకు కడుతుంది?

ఈ జబ్బులో మన రోగనిరోధక వ్యవస్థే రక్తనాళాల గోడలపై దాడి చేస్తుంది. వాపుతో నాళం లోపలి పొర దెబ్బతింటే, అక్కడ గాయమైనట్టుగా రక్తం గడ్డకట్టడం మొదలవుతుంది. రక్తంలో గడ్డకట్టే గుణమూ పెరుగుతుంది. మంచాన పడి ఉండటం, గంటల తరబడి ప్రయాణం, ఎక్కువ మోతాదు స్టెరాయిడ్లు, మూత్రంలో ప్రొటీన్‌ బాగా పోవడం, పొగతాగడం దీనికి తోడవుతాయి.

జబ్బు చురుగ్గా ఉన్నప్పుడే ముప్పు ఎక్కువ. ఊపిరితిత్తులు, కిడ్నీలను దెబ్బతీసే ‘వెగెనర్స్‌’ రకంపై అమెరికా పరిశోధకుల అధ్యయనం 2005లో వెలువడింది. అంతకుముందు సిరల్లో గడ్డలు లేని 167 మందిలో 16 మందికి కొత్తగా కట్టాయి. వాటిలో ఎక్కువ భాగం జబ్బు ముదిరిన రోజుల్లోనే.

ఒక్కో రకానిది ఒక్కో తీరు

టకయాసు రకం ఎక్కువగా 40 ఏళ్లలోపు మహిళల్లో కనిపిస్తుంది. పెద్ద ధమనులు ఇరుకై చేతి నాడి బలహీనపడుతుంది. రెండు చేతుల్లో బీపీ వేరువేరుగా ఉంటుంది. పక్షవాతం ముప్పూ ఉంది. తరచూ నోటిపూతతో వేధించే బెచెట్స్‌ రకంలో సిర గోడ వాపే గడ్డకు మూలం. అందుకే వాపు తగ్గించే మందులే ప్రధాన చికిత్స. వీరిలో కొందరికి ఊపిరితిత్తుల ధమని ఉబ్బి ఉంటుంది. రక్తాన్ని పల్చబరిచే మందు వేస్తే లోపల రక్తస్రావమయ్యే ప్రమాదం ఉంది. పక్కింటివారు వాడుతున్నారని ఆస్పిరిన్‌ సైతం సొంతంగా మొదలుపెట్టొద్దు.

ఎప్పుడు పరుగెత్తాలి?

ఒక కాలే వాచి, వేడిగా, ఎర్రగా ఉంటే అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి. డాప్లర్‌ స్కాన్‌తో గడ్డ ఉందో లేదో తేలుతుంది. ఉన్నట్టుండి ఆయాసం, ఛాతీలో నొప్పి, దగ్గితే రక్తం, మూతి వంకరపోవడం, మాట తడబడటం కనిపిస్తే వెంటనే 108కి ఫోన్‌ చేయండి. హైదరాబాద్‌ దాకా ఆగొద్దు. ముందు దగ్గర్లోని పెద్దాసుపత్రికి చేరండి. వాస్క్యులైటిస్‌ ఉందని మొదటే చెప్పండి. పాత కాగితాలు, వాడుతున్న మందుల చీటీ వెంట తీసుకెళ్లండి.

రోజూ గుర్తుంచుకోవాల్సినవి

* వాపు తగ్గిందని స్టెరాయిడ్లు, ఇతర మందులు మీ అంతట మీరే ఆపొద్దు.
* వార్ఫరిన్‌ వాడుతుంటే ఐఎన్‌ఆర్‌ పరీక్ష తప్పనిసరి. ఆకుకూరలు మానక్కర్లేదు. ఒక వారం బాగా, మరో వారం అసలే లేకుండా కాకుండా ఒకే మోతాదులో తినండి.
* డాక్టర్‌ను అడగకుండా నొప్పి మాత్రలు, నాటు మందులు వద్దు.
* గర్భనిరోధక మాత్రలు వేసుకునేముందు, గర్భం దాల్చాలనుకునేముందు రుమటాలజిస్టుతో మాట్లాడండి.
* బస్సులో పాదాలు పైకీ కిందికీ ఆడిస్తూ ఉండండి. ఆగినచోట దిగి నాలుగడుగులు వేయండి.