పాటల పెట్టెకు తగిన తొడుగు

నేడు ముచ్చటింపదలచిన విషయము స్వల్పమే. అయినను ఇంటింట పనికివచ్చునది. చేతబట్టుకొని పోదగిన పాటల పెట్టెకు తొడుగు కొనునపుడు ఏయే గుణములు పరీక్షింపవలయును?

ఈ ఆలోచన క్రొత్తది కాదు. 1914లో ఇంగ్లండున వెలువడిన డెక్కా గ్రామఫోను, మూత మూసిన చేతిపెట్టెయే. మూత తెరచినచో, దాని లోపలి గిన్నెవంటి పళ్లెము ధ్వనిని వినువారివైపు మరల్చెడిది. కాపు ధ్వనికి అడ్డము కాలేదు సరిగదా, తోడయ్యెను. మంచి తొడుగునకు ఇదియే ప్రథమ లక్షణము.

మా సంజామల రేగడినేల సీమ. ఇచట యంత్రమునకు శత్రువులు మూడు: దుమ్ము, వేసవి యెండ, చేజారుట. క్రిందటి వేసవిలో మావాడు నాకొక తోలు తొడుగు తెచ్చియిచ్చెను. చూపునకు సొగసైనది. కీర్తిశేషులైన మా గురువుగారు చదివిన పద్యములున్న పెట్టెను అందుంచితిని.

మూసి వినగా కంఠము కుండలోనుండి వచ్చినట్లుండెను. నంద్యాలకు బస్సులో పోయివచ్చి తెల్లగుడ్డతో లోపల తుడువగా, గుడ్డ నల్లనయ్యెను. దళసరి తోలు వేడిని లోన నిలుపును. లిథియము బ్యాటరీకి వేడి చేటు. కావున ఛార్జింగు పెట్టునపుడు తొడుగు తీయుట మేలు. ఇక అయస్కాంతపు బిగింపు పాత కేసెట్లకు హానికరమే గాని, మెమరీ కార్డునకు భయము లేదు.

కడపటి పరీక్ష కోరకయే జరిగినది. పెట్టె అరుగుమీదినుండి నాపరాళ్లపై మూలవాటుగా పడినది. తొడుగు మూలలయందు మెత్త లేదు. తెర పగిలెను; పాట ఆగెను. ఆ రాత్రి నాకు నిదుర లేదు. ఏలయన, ఆ పద్యములకు వేరు ప్రతి లేదు. మరునాడు కార్డును మరియొక యంత్రమున నుంచగా గురువుగారి కంఠము వినబడినది. నా కన్నులు చెమర్చినవి.

ఇప్పుడు పాత బొంతగుడ్డను మడచి, మూలల దూది దట్టించి, ధ్వనిరంధ్రములకెదురుగా పలుచని గుడ్డ వేసి, మూతికి త్రాడు కుట్టించితిని. తోలు సొగసు లేదు గాని పని కలదు.

అయ్యలారా! తొడుగు పెట్టెను మాత్రమే కాచును. తాళపత్రములను మన పూర్వులు పలకల నడుమ భద్రపరచియు, మరల మరల ప్రతులు వ్రాయించిరి. మీ యింటి పెద్దల కంఠములు యంత్రమున నున్నచో, మొదట ప్రతి తీయించుడు. పిమ్మట తొడుగు కొనుడు. సెలవు.